వెండింగ్ మెషీన్ మీద సేవాసంస్థ పేరు: ఎవరిని ఎంచుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అయ్యా, విజయవాడ, మంగళగిరి, గుంటూరు పరిసరాల్లో నాకు 12 వెండింగ్ మెషీన్లు ఉన్నాయి. వాటిలో ఏడు ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ, మూడు ఆస్పత్రుల్లోనూ, రెండు ఆఫీసుల్లోనూ నడుస్తున్నాయి. సరుకు ఖరీదు, స్థలం అద్దె, సరుకు నింపే కుర్రవాడి జీతం, మరమ్మతులు పోను ఒక్కో మెషీన్ మీద నెలకు సగటున రూ.2,500 మిగులుతోంది. లాభంలో కొంత ఏదైనా సేవాసంస్థకు ఇచ్చి, వారి పేరును మెషీన్ల మీద స్టిక్కరుగా వేయాలని నా ఆలోచన. దేశమంతటా పేరున్న ఒక పెద్ద సంస్థ, మా పక్క ఊళ్లో ఉన్న ఒక అనాథ పిల్లల ఆశ్రమం, మా పేటలోని గుడి తరఫున నడిచే అన్నదాన ట్రస్టు, ఈ మూడూ నా మనసులో ఉన్నాయి. వీటిలో ఏది మంచిది? పన్ను మినహాయింపు కూడా వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మూడు సంస్థల గురించి వివరంగా రాసిన మీరు, ఎంత ఇస్తారన్న దగ్గర మాత్రం ‘లాభంలో కొంత’ అని సరిపెట్టారు. ముందుగా తేలవలసింది ఆ మొత్తమే. ఎందుకంటే సంస్థ ఏదైనా సరే, మెషీన్ మీద దాని పేరు వేసిన రోజు నుంచి ఆ స్టిక్కరు కొనుగోలుదారుకు మీరు రాసిచ్చిన హామీ అవుతుంది. ‘మా లాభాల్లో 10 శాతం విరాళం’ అని రాశారనుకోండి. లాభమంటే మెషీన్ల మీద తీసుకున్న అప్పు వాయిదా కట్టక ముందా, కట్టిన తరువాతా? వేసవి సెలవుల్లో కళాశాలలు మూసి ఉన్న రోజుల్లో ఏడు మెషీన్లు నష్టంలో ఉంటే, ఆ నష్టాన్ని ఆస్పత్రి మెషీన్ల లాభంలోంచి తీసివేస్తారా? ఈ ప్రశ్నలకు ఇవాళ మీ దగ్గర సమాధానం లేదు, రేపు సంస్థ అడిగితే అప్పటికి అనుకూలమైన సమాధానం చెప్పాలనిపిస్తుంది. చిన్న వ్యాపారాల్లో విరాళ ఒప్పందాలు చెడిపోవడానికి దురుద్దేశం కన్నా ఈ లెక్క తేలకపోవడమే ఎక్కువగా కారణమవుతుందని నా అభిప్రాయం.

కాబట్టి శాతాలు వదిలి, మెషీన్‌కు నెలకు ఇంత అని ఒక స్థిరమైన మొత్తం పెట్టుకోండి. మీరు చెప్పిన మిగులులో పదో వంతు అనుకుంటే మెషీన్‌కు రూ.250 చొప్పున నెలకు రూ.3,000, ఏడాదికి రూ.36,000 అవుతుంది. మే నెలలో కూడా ఈ మొత్తం ఇవ్వగలరా అని మీ పుస్తకాలు చూసుకోండి. ఇవ్వలేమనిపిస్తే రూ.150కి తగ్గించండి. తగ్గించినందుకు ఎవరూ ఏమీ అనుకోరు గానీ, రాసిన మొత్తం ఎగ్గొడితే మాత్రం ఆ మాట కళాశాల యాజమాన్యం దాకా వెళుతుంది.

ఇక మీ మూడు సంస్థలు. దేశవ్యాప్తంగా పేరున్న పెద్ద సంస్థకు ఏడాదికి రూ.36,000 ఇచ్చే దాత, వారికి వచ్చే వేలాది దాతల్లో ఒకరు. రశీదు ఆలస్యం లేకుండా వస్తుంది, లెక్కలు సక్రమంగా ఉంటాయి, అందులో సందేహం లేదు. అయితే తమ పేరును, చిహ్నాన్ని వ్యాపార స్థలాల్లో వాడుకోవడానికి ఇంత చిన్న మొత్తానికి అనుమతి ఇవ్వడం అలాంటి సంస్థలకు సాధారణంగా కుదరదు, కుదిరినా వారి న్యాయవిభాగం నుంచి పత్రం వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. మీ మెషీన్ ముందు నిలబడిన విద్యార్థికీ ఆ పేరు ఇప్పటికే తెలుసు గనుక కొత్తగా తెలిసేదేమీ లేదు. ఆ సంస్థ పని మీకు నిజంగా ఇష్టమైతే స్టిక్కరు లేకుండా గుప్తదానంగా ఇవ్వండి.

అన్నదాన ట్రస్టు విషయంలో నాకున్న సంకోచం వేరు. గుడి ట్రస్టులకు పన్ను మినహాయింపు ఉండదనుకోవడం పొరపాటు. తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చే విరాళాలకు కూడా మినహాయింపు ఉంది. అయితే మినహాయింపు పొందిన సంస్థ తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన కార్యక్రమాలకు ఖర్చు చేయకూడదన్న నియమం ఒకటి ఉంది, పేటల్లోని చిన్న ట్రస్టులు చాలావరకు అన్నదానానికీ ఉత్సవాలకూ ఒకే ఖాతా నడుపుతాయి. అదీగాక మీ మెషీన్లున్న కళాశాలల్లో, ఆస్పత్రుల్లో అన్ని మతాలవారూ ఉంటారు, స్థలం ఇచ్చిన యాజమాన్యం అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. దేవుడి బొమ్మ వేసిన మెషీన్ పక్కనే ఖాళీ కప్పులు, చిప్సు పొట్లాలు పడేసే చెత్తబుట్ట ఉంటుందన్న సంగతి కూడా ఒకసారి ఊహించుకోండి.

మిగిలింది పిల్లల ఆశ్రమం. మూడింటిలో మీకు తగినది ఇదే కావచ్చు. నెలకు రూ.3,000 వారి కూరగాయల పద్దులోనో పరీక్ష ఫీజుల పద్దులోనో స్పష్టంగా కనిపించే మొత్తం, మీరు బండి మీద వెళ్లి చూసి రాగల దూరంలో ఉంది, మీ మెషీన్లు వాడేవారిలో కొందరికైనా ఆ ఊరు తెలుసు. కానీ ఎక్కువ జాగ్రత్తగా చూడవలసినది కూడా ఇదే. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా, అది ప్రభుత్వ సొమ్ము తీసుకున్నా తీసుకోకపోయినా, తప్పనిసరిగా నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే నిర్వాహకులకు ఏడాది దాకా జైలుశిక్ష గానీ, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ‘మాకు సొసైటీ రిజిస్ట్రేషన్ ఉందండీ’ అని వారు చూపించే కాగితం దీనికి సరిపోదు, అది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం ఏర్పడిందని చెప్పే పత్రం మాత్రమే. బాలల న్యాయ చట్టం కింద ఇచ్చిన ధ్రువపత్రం వేరుగా అడగండి. అనుమానముంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో గానీ, బాలల సంక్షేమ కమిటీలో గానీ విచారించండి. ఆ పిల్లలు కమిటీ ఉత్తర్వు ద్వారా అక్కడికి వచ్చారా, లేక ఎవరో తెచ్చి వదిలితే ఉంచుకున్నారా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంకొక సంగతి మరిచిపోకండి. ఆశ్రమంవారు ఉత్సాహంగా పిల్లల ఫొటో ఇచ్చి స్టిక్కరు మీద వేయమంటారు. అదే చట్టంలోని 74వ సెక్షన్, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, చదివే బడి, ఫొటో వంటివి పత్రికల్లో గానీ మరే ప్రచార మాధ్యమంలో గానీ బయటపెట్టరాదని నిషేధిస్తోంది. చట్టం సంగతి అటుంచి, పదేళ్ల తరువాత అదే కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు కాఫీ మెషీన్ మీద తన చిన్ననాటి ముఖం చూసుకోవలసిన పని లేదు.

ఆశ్రమం పత్రాలు సరిగా లేవని తేలితే అక్కడే ఆగిపోకుండా ఇంకో వైపు చూడండి. మీ మెషీన్లు మూడు ఆస్పత్రుల్లో ఉన్నాయంటున్నారు గనుక రక్తదానం, తలసీమియా పిల్లల రక్తమార్పిడి, కంటి శస్త్రచికిత్సలు వంటి పనులు చేసే సంస్థలు మీ కొనుగోలుదారులకు సహజంగానే దగ్గరగా ఉంటాయి. 1987లో హైదరాబాద్‌లో మొదలై ఇప్పుడు విజయవాడ శివార్లలోని తాడిగడపలో కూడా ఆస్పత్రి నడుపుతున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటివి ఎలాంటి నివేదికలు ప్రచురిస్తాయో ఒకసారి చదవండి. వారితోనే కలవమని చెప్పడం లేదు, చిన్న సంస్థను ఏమేమి అడగాలో ఆ నివేదికలు చూస్తే మీకే అర్థమవుతుంది. మీరు అమ్మే సరుకుకూ సంస్థ పనికీ పొత్తు కుదరాలన్నది కూడా గుర్తుంచుకోండి. తీపి పానీయాలు అమ్మే మెషీన్ మీద మధుమేహ బాధితుల సంఘం పేరు ఉంటే చూసినవారు నవ్వుతారు. బడులకు విస్తరించే ఆలోచన ఉంటే, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల లోపలా అమ్మరాదని 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాలు తెచ్చింది, ఏ సేవాసంస్థ పేరూ ఆ నియమం నుంచి మిమ్మల్ని తప్పించదు.

ఎవరిని ఎంచుకున్నా గడచిన మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడగండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో సంస్థ పేరుతోనో పాన్‌తోనో వెతికి, పన్ను మినహాయింపు అనుమతి ఎప్పటిదాకా ఉందో చూడండి. 2021 నుంచి ఈ అనుమతులు శాశ్వతంగా కాక గడువుతో వస్తున్నాయి, తాత్కాలికమైతే మూడేళ్లు, ఆ తరువాతిది సాధారణంగా ఐదేళ్లు. పాత ధ్రువపత్రాన్ని అద్దాల ఫ్రేములో బిగించి గోడకు తగిలించిన సంస్థలు ఇంకా ఉన్నాయి, ఆ ఫ్రేమును నమ్మకండి. సేవాసంస్థల నమోదు కోసం నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో సంస్థకు నమోదు సంఖ్య ఉండటం మంచిదే గానీ, అది సంస్థ ఉనికిని చెబుతుందే తప్ప యోగ్యతను కాదు. పాలనా ఖర్చులు ఎంత తక్కువగా ఉంటే సంస్థ అంత మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. నేను దానితో ఏకీభవించను. లెక్కలు రాయడానికి ఒక మనిషిని కూడా పెట్టుకోని సంస్థ మీకు రశీదు ఎలా ఇస్తుంది? ఖర్చు ఎంతన్నది కాదు, అడిగినప్పుడు తడబడకుండా చెబుతున్నారా అన్నది చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పరీక్ష ఒకటుంది: ఒప్పందం గురించి ఎత్తకుండా ముందుగా రూ.3,000 బ్యాంకు ద్వారా పంపండి. రశీదు ఎన్నాళ్లకు వచ్చింది, అది అడిగితే వచ్చిందా, అడగకుండానే వచ్చిందా, ఆ డబ్బు ఏం చేశారని అడిగితే ఎవరు, ఎలా బదులిచ్చారు అన్నవి గమనిస్తే ఆడిట్ నివేదిక చెప్పనివి కూడా తెలుస్తాయి.

పన్ను మినహాయింపు గురించి చాలామందికి ఉన్న ఆశ మీకూ ఉంది. 80జీ అని జనం పిలిచే ఈ మినహాయింపు కింద, అనుమతి ఉన్న సాధారణ సేవాసంస్థకు ఇచ్చిన విరాళంలో సగం మీ ఆదాయంలోంచి తగ్గుతుంది, అది కూడా సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి. 1961 నాటి చట్టం స్థానంలో 2025 నాటి చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి, వాడుకలో పాత పేరే నిలిచింది. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ మినహాయింపు అసలు లేదు. అంతకన్నా ముఖ్యమైనది మీ లెక్కే. 12 మెషీన్ల మీద ఏడాదికి మిగిలేది రూ.3,60,000. మీకు వేరే రాబడి లేకపోతే పాత విధానంలో రూ.5 లక్షల దాకా, కొత్త విధానంలో రూ.12 లక్షల దాకా రిబేటు వల్ల పన్నే పడదు. పన్ను లేనివారికి మినహాయింపుతో ఏం పని? అందుచేత 80జీ ఉన్న సంస్థనే చూసుకోండి గానీ పన్ను కలిసివస్తుందని కాదు, ఆ అనుమతి ఉన్న సంస్థ దాతల వివరాలతో ఏటా మే 31 లోగా ఆదాయపు పన్ను శాఖకు నివేదిక ఇచ్చి, దాతకు ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది గనుక. మీ డబ్బు వారి పుస్తకాల్లోకి ఎక్కిందనడానికి అదే సాక్ష్యం. రూ.2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు చెల్లదు, కాబట్టి చిల్లర పెట్టెలోని డబ్బు సంచిలో పోసి ఇచ్చే అలవాటు వద్దు. సంస్థ పేరు వాడుకున్నందుకు రుసుముగా ఇస్తే అది విరాళం కాదు, ప్రచార ఖర్చు. రెండింటికీ పద్దులు వేరు, ఒకే చెల్లింపును రెండు చోట్ల చూపకుండా మీ ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి.

ఒప్పందం ఒక పేజీ చాలు. నెలకు ఎంత, ఏ తేదీలోగా, ఏ ఖాతాకు, పేరూ చిహ్నమూ ఏయే మెషీన్ల మీద, ఎన్నాళ్లు అన్నవి రాయండి. మొదటిసారి ఏడాదికి మించవద్దు. ఎవరు విరమించుకున్నా నెల ముందు తెలియజేయాలనీ, ఆ తరువాత 15 రోజుల్లో స్టిక్కర్లన్నీ తీసివేయాలనీ రాయండి. విడిపోయాక పాత స్టిక్కర్లు అలాగే ఉండిపోవడం తరచుగా జరిగే పొరపాటు, చూసేవారికి మాత్రం అది మోసంగానే కనిపిస్తుంది. స్థలం ఇచ్చిన కళాశాల, ఆస్పత్రి యాజమాన్యాల లిఖితపూర్వక అనుమతి కూడా దగ్గర పెట్టుకోండి. స్టిక్కరు మీద మాట సూటిగా ఉండాలి: ‘ఈ మెషీన్ తరఫున ప్రతి నెలా రూ.250 ఫలానా సంస్థకు చెల్లిస్తున్నాము’ అని రాసి, కింద మీ ఫోన్ నంబరు, సంస్థ ఫోన్ నంబరు వేయండి. ‘మీరు తాగే ప్రతి కప్పూ ఒక చిన్నారికి అన్నం’ వంటి మాటలు వద్దు. గుప్తదానానికి స్టిక్కరు అక్కర్లేదు, స్టిక్కరు వేశాక అది వ్యాపార ప్రకటన. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి రూ.10 లక్షల దాకా జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కార్యాలయంలో నేను పెట్టిన మెషీన్లలో చిప్సు, బిస్కెట్లు, కాఫీ అమ్ముతున్నాను. ఒక్కో వస్తువు మీద ఒక రూపాయి అదనంగా తీసుకుని క్యాన్సర్ రోగులకు సాయం చేసే సంస్థకు పంపుదామని అక్కడి హెచ్ఆర్ వారు అంటున్నారు. ఇది తేలికైన మార్గమేనా? వారి కంపెనీ సామాజిక బాధ్యత నిధుల్లో నా విరాళాన్ని కూడా కలుపుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చిప్సు, బిస్కెట్ల విషయంలో ఇది తేలికైన మార్గం కాదు, చట్టవిరుద్ధమైన మార్గం. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర కన్నా ఎక్కువకు అమ్మరాదని 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు, కొలతల నియమాలు చెబుతున్నాయి. ఆ అదనపు రూపాయి ఎక్కడికి వెళుతుందన్నది అధికారికి అనవసరం. రూ.20 ప్యాకెట్‌కు మీ మెషీన్ రూ.21 తీసుకుంటే కేసు మీ మీదే. మెషీన్ కప్పులోకి పోసి ఇచ్చే కాఫీకి ముద్రిత ధర ఉండదు గనుక దాని ధర మీరు నిర్ణయించుకోవచ్చు, అందులోంచి కప్పుకు ఒక రూపాయి విడిగా లెక్కపెట్టి ఇవ్వవచ్చు. ప్యాకెట్ల మీద ఇవ్వాలంటే మాత్రం అది మీ మార్జిన్‌లోంచే రావాలి. వాటిలో మార్జిన్ ఎంత పలుచగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఉద్యోగులు స్వయంగా ఇవ్వాలనుకుంటే, సంస్థ బ్యాంకు ఖాతాకే నేరుగా వెళ్లే క్యూఆర్ కోడ్‌ను మెషీన్ పక్కన అతికించండి. స్కాన్ చేయగానే తెరమీద కనిపించే పేరు సంస్థ పేరే అయి ఉండాలి, మీ దుకాణం పేరు కాదు. ఇతరుల విరాళాలు మీ ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి సంస్థకు వెళ్లే ఏర్పాటు ఎంత నిజాయితీగా నడిపినా సరే, ఒక్క నెల ఆలస్యమైతే చాలు, సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. సరుకు నింపడానికి వెళ్లిన ప్రతిసారీ మీ మనిషి ఆ కోడ్‌ను ఒకసారి స్కాన్ చేసి చూడాలి, దాని మీద వేరే కోడ్ అతికించే ఘనులకు మన ఊళ్లలో కొదవ లేదు. చిల్లర నాణేల డబ్బా మాత్రం వద్దు. ఇచ్చినవారి పేరు, చిరునామా నమోదు కాని విరాళాలు ఏడాదిలో లక్ష రూపాయలు గానీ, మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ, ఏది ఎక్కువైతే దాన్ని మించితే, ఆ మించిన మొత్తం మీద సేవాసంస్థ 30 శాతం పన్ను కట్టాలి. చిన్న సంస్థకు మీ డబ్బా సాయం కన్నా తలనొప్పి ఎక్కువ కావచ్చు.

సామాజిక బాధ్యత నిధుల మాట వేరు. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవరు, రూ.5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్న కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. అది ఆ కంపెనీ సొంత బాధ్యత. మీరిచ్చిన డబ్బును వారి 2 శాతంలో చూపించుకోవడానికి వీల్లేదు. అయితే వారు ఇప్పటికే పరిశీలించి నిధులు ఇస్తున్న సంస్థ ఏదైనా ఉంటే దాని పేరు అడిగి తెలుసుకోండి. పెద్ద కంపెనీ న్యాయవాదులు, ఆడిటర్లు చేసిన పరిశీలన మీకు ఊరికే అందివస్తుంది.

ప్రశ్న: డల్లాస్ పరిసరాల్లో నాకు చిన్న వెండింగ్ వ్యాపారం ఉంది. నేను అమెరికా పౌరుణ్ని, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉంది. ఇక్కడ చాలామంది మెషీన్‌కు నెలకు కొన్ని డాలర్ల చొప్పున ఏదో ఒక చారిటీకి కట్టి దాని స్టిక్కరు వేసుకుంటారు, దానివల్ల దుకాణాల్లో స్థలం కూడా సులువుగా దొరుకుతుంది. నేను పశ్చిమ గోదావరిలోని మా ఊరి బడికి సాయం చేసే స్థానిక సొసైటీని భాగస్వామిగా చేసుకోవాలనుకుంటున్నాను. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నేరుగా అయితే చిక్కులున్నాయి. మీరు అమెరికా పౌరులు గనుక ఓసీఐ కార్డు ఉన్నా మన 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో మీరు విదేశీయులే, మీ కంపెనీ సరేసరి. భారత పౌరసత్వం వదులుకోని ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బుకు ఈ చట్టం అడ్డురాదు, మీకు ఆ వెసులుబాటు లేదు. మీ ఊరి సొసైటీకి ఆ చట్టం కింద నమోదు గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ‘మా మేనల్లుడి ఖాతాకు పంపేయండి బాబాయ్, నేను చూసుకుంటాను’ అనేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వారిది మంచి మనసే కావచ్చు, కేసు పడేది మాత్రం సొసైటీ మీద.

అమెరికా వైపు చూస్తే, అక్కడి పన్ను చట్టం విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చిన విరాళానికి సాధారణంగా మినహాయింపు ఇవ్వదు. కాబట్టి అక్కడ 501(సి)(3) హోదా, అంటే విరాళాలకు పన్ను మినహాయింపు వర్తించే సేవాసంస్థ హోదా ఉండి, భారతదేశంలో బడుల పనులు చేసే సంస్థను మధ్యలో పెట్టుకోవాలి. పెద్ద తెలుగు సంఘాల సేవా విభాగాలకు ఆ హోదా ఉంది. అమెరికా పన్ను శాఖ వెబ్‌సైటులో ఆ హోదాను సరిచూసుకోవచ్చు, ఏటా వారు ఆ శాఖకు సమర్పించే లెక్కల పత్రం ఫారం 990 ఎవరైనా చదవవచ్చు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. విదేశీ విరాళం అందుకున్న భారతీయ సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని కూడా 2020 సవరణ నిషేధించింది. అంటే హైదరాబాద్‌లో నమోదున్న సంస్థకు డబ్బు వచ్చి, అక్కడి నుంచి మీ ఊరి సొసైటీకి వెళ్లే పద్ధతి చెల్లదు. ఆ సంస్థే మీ ఊరికి వచ్చి పని చేయాలి. ఆ పని చేస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

స్టిక్కరు వల్ల స్థలం సులువుగా దొరుకుతుందన్నారు. నిజమే, అమెరికాలో ఈ పద్ధతి పెరగడానికి అదీ ఒక కారణం. దుకాణదారు కమీషన్ వదులుకుంటున్నది చారిటీని చూసి. అతను వదులుకున్నది నెలకు ఇరవై డాలర్లయి, మీరు చారిటీకి కడుతున్నది రెండు డాలర్లయితే, మిగతాది ఎవరి జేబులోకి వెళుతున్నట్టు? స్థలం అడిగేటప్పుడే మీరు కట్టే మొత్తం ఎంతో దుకాణదారుకు చెప్పండి. విన్న తరువాత కూడా అతను ఒప్పుకుంటే మంచిదే. మీ వ్యాపారం ఇతర రాష్ట్రాలకు పాకితే అక్కడి నియమాలు కూడా చూసుకోవాలి. చారిటీ పేరు చెప్పి సరుకు అమ్మే వ్యాపారులు ముందుగా నమోదు కావాలనే మసాచుసెట్స్ వంటి రాష్ట్రాలున్నాయి.

ప్రశ్న: ఏడాదికి ఒక్కసారి కొంత మొత్తం కడితే పేరున్న సేవాసంస్థ స్టిక్కర్లు తెచ్చి ఇస్తానని ఒక మధ్యవర్తి అంటున్నారు. లేదంటే ఎర్ర ప్లస్ గుర్తు వేసుకోండి, అది అందరిదీ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దు. తన పేరును ఎవరు వాడుకుంటున్నారో సంస్థకే తెలియనప్పుడు మీ చేతిలో ఉన్నది అనుమతి కాదు, అచ్చు వేసిన కాగితం. ఆ మధ్యవర్తి చెప్పిన సంస్థ కార్యాలయానికి మీరే ఫోన్ చేసి, ఆయన వారి తరఫు మనిషేనా, మీరు కట్టే దాంట్లో సంస్థకు చేరేది ఎంత అని అడగండి. తెల్లని నేల మీద ఎర్ర శిలువ గుర్తు అందరిదీ కాదు. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దాన్ని వాడటాన్ని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం నిషేధిస్తోంది, ఆ గుర్తు ఉన్న సరుకును జప్తు చేసే వీలు కూడా అందులో ఉంది. రెడ్ క్రాస్ పని మీద మీకు అభిమానం ఉంటే జిల్లా శాఖకు వెళ్లి చెక్కు ఇచ్చి రశీదు తీసుకోండి, గుర్తు వాడుకోవడం గురించి మాత్రం అడగకండి.